చెవిలో బఠాణీ

మెక్సికో నగరం శివార్లలో ఒక స్టూడియో. ఎండలో నిలబెట్టిన మేకప్ బండిలో ముగ్గురున్నారు: ప్రకటన కోసం ఉల్లిపాయ వేషం కట్టిన పాత నటుడు దోన్ ఎవారిస్తో, ఆయన మొహానికి రంగు పూస్తున్న రోసెండో, ఒళ్లో సంచీ పెట్టుకుని కూర్చున్న ఒటీలియా. సీరియళ్ల రోజుల్లో ఆయన చెవిలో మాటలు చదివి అందించిన మనిషి ఆవిడే. అప్పటినుంచీ ఆవిడ గొంతులో ఒక సందేహం చేపముల్లులా అడ్డం పడి ఉంది.

"తట్టానా, లేదా? అదొక్కటే చెప్పండి దోన్ ఎవారిస్తో."

"తట్టావు."

"అలా కాదు. నా మొహం చూసి చెప్పండి."

"ఎలా చూడను ఒటీలియా? వీడు కళ్లు మూసుకోమన్నాడు."

"మూసుకునే ఉండండి మాస్టారూ, రెప్పల మీద పచ్చరంగు ఇంకా ఆరలేదు. ఏమిటి దోన్యా ఒటీ, వచ్చీరాగానే తట్టానా లేదా అంటున్నారు? తలుపా?"

"తలుపు కాదు రోసెండో. మైకు. గోటితో."

"మైకును గోటితో తట్టడమేమిటి?"

"ఆయన చెవిలో బఠాణీ ఉండేది కదా..."

"బఠాణీ సంగతి నాకు చెప్తారా! చెవిలో పెట్టే ఆ బుల్లి యంత్రాన్ని ఈ చేతులతో ఎంతమందికి పెట్టానో. ఒకావిడకి లోపలే ఇరుక్కుపోయి, పెళ్లి సీనులో సగం దూరం ఫుట్‌బాల్ వ్యాఖ్యానం వినబడింది. ఆవిడ పెళ్లికొడుకుతో 'గోల్' అంది."

"నేను అద్దాల గదిలో కూర్చుని స్క్రిప్టు చదివేదాన్ని. నోటితో అనాల్సిన మాటయితే ఊరికే చదివేదాన్ని. బ్రాకెట్లో ఉండేవి వేరు కదా. లేస్తాడు, తలుపు తీస్తాడు, ఆమె వైపు చూస్తాడు, అలాంటివి. వాటికి ముందు మైకు మీద గోటితో ఒకసారి టక్కుమనిపించేదాన్ని. టక్కు వినబడిందంటే, అది అనాల్సింది కాదు. అది మా ఇద్దరి ఏర్పాటు."

"అంటే... ఆ రోజు... ఆ శవపేటిక దగ్గర... ఓరి దేవుడా! టక్కు పడలేదా?"

"అదే ఆయన్ని అడుగుతున్నా."

"తట్టావని చెప్పానా లేదా? ఆ రోజే చెప్పాను, నిర్మాతకీ చెప్పాను. ఆమె తట్టింది, నేనే గాడిదని, అన్నాను. ఇక ఆ సంగతి వదిలెయ్."

"మీరు నన్ను కాపాడ్డానికి అన్నారు."

"నేను ఎవర్నీ కాపాడే రకం కాదు. కావాలంటే నా పెళ్లాల్ని అడుగు."

"మాస్టారూ, నవ్వకండి, బుగ్గ పగులుతుంది. దోన్యా ఒటీ, మీరు తట్టారో లేదో గానీ, ఆ రోజు మా ఇంట్లో చూడాల్సింది. ఆఖరి భాగం, ఉన్నదున్నట్టు నేరుగా ప్రసారం. ఇరుగు పొరుగంతా మా టీవీ ముందే. పెట్టెలో చిన్నపిల్ల. మా అమ్మ అప్పటికే ముక్కు చీదుతోంది. మాస్టారు పెట్టె మీద చెయ్యి వేశారు. ఏదో పాల సంగతి అన్నారు. ఆగిపోయారు. తల ఇలా పైకెత్తారు, పక్కనున్న డాక్టరు వేషగాడి వైపు తిరిగారు. 'ఏడుస్తోంది' అన్నారు! భార్య ఏడుస్తోంది అని బ్రాకెట్లో ఉన్నదాన్ని ఉన్నట్టుగా చదివేశారు! మా నాన్న నవ్వలేక కుర్చీలోంచి జారిపడ్డాడు."

"మీ నాన్నకి దెబ్బలేం తగల్లేదు కదా?"

"తగల్లేదు మాస్టారూ. మర్నాడు బజారంతా అదే మాట. టమాటా ధర చెబితే, కొనేవాడు 'ఏడుస్తోంది' అనేవాడు. మా చెల్లెలు పుట్టినప్పుడు మంత్రసాని బయటికొచ్చి అన్న మొదటి మాట అదే. మీ గొంతుతో."

"చాలు రోసెండో."

"తప్పుగా అనడం లేదు దోన్యా ఒటీ! ఆ మాటే కదా మాస్టారికి అన్నం పెట్టింది? అది లేకపోతే అన్ని సినిమాలు వచ్చేవా? 'మార్స్ నుంచి వచ్చిన అత్తగార్లు', 'దెయ్యాల చాకిరేవు', 'గుడ్డి టాక్సీవాడి ముగ్గురు పెళ్లాలు'..."

"అది రెండు భాగాలు. మర్చిపోకు."

"మర్చిపోతానా! రెండో భాగంలో మీరు ఆవును చూపించి కూడా 'ఏడుస్తోంది' అన్నారు."

"ఆ ఆవు బాగా చేసింది. నాకంటే."

"అంతకుముందు ఆయన్ని నాటకంలో చూశావా నువ్వు?"

"నేను పుట్టానా అప్పటికి?"

"మా నాన్న తీసుకెళ్లాడు నన్ను. పైన, చవక బెంచీల మీద కూర్చున్నాం. అక్కడ జనం గుమ్మడి గింజలు కొరుకుతూ కూర్చుంటారు, నాటకం వినబడదు. ఈయనకి అప్పటికి మీసం సరిగ్గా మొలిచిందో లేదో. ముసలి తండ్రి వేషం. కొడుకు కోసం ఊళ్లన్నీ తిరిగి తిరిగి వస్తాడు. వచ్చి కూర్చుని, ఒక చెప్పు విప్పి, లోపలి రాయి దులిపి, మళ్లీ తొడుక్కున్నాడు. అంతే. ఒక్క మాట లేదు. కొరుకుడు ఆగిపోయింది రోసెండో. పైన బెంచీలన్నీ నిశ్శబ్దం. మా నాన్న ఇంటికొచ్చాక తన చెప్పు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు, అమ్మ అన్నానికి పిలిచినా లేవలేదు."

"నిజమేనా మాస్టారూ?"

"రాయి నిజంగానే ఉండేది. రోజూ కొత్తది వేసేవాణ్ణి."

"అయ్యో. మరెందుకు వదిలేశారు?"

"ఎవరు వదిలారు? అప్పట్లో నాటకం మొత్తం నోటికొచ్చేది నాకు. నా మాటలే కాదు, అందరివీ. తెర వెనక కుక్క ఎక్కడ మొరగాలో కూడా. టీవీ వాళ్లు పిలిచారు. నేర్చుకోనక్కర్లేదు, చెవిలో అన్నీ వస్తాయి అన్నారు. పొద్దున ఒక సీరియలు, మధ్యాహ్నం ఇంకొకటి, సాయంత్రం తాగుడు. కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయిరా. నా తలకాయ ఏపాటిది?"

"ఇప్పుడు ఒక్క మాటే కదా మాస్టారూ. వంటింట్లో ఆవిడ మిమ్మల్ని... అంటే, ఉల్లిపాయను... తరుగుతుంది. మీరు కెమెరా వైపు తిరిగి ఆ మాట అంటారు. చిప్స్ పొట్లం ఎగురుకుంటూ వస్తుంది. ఇంతే. ఒక్క మాటకి చెవిలో బఠాణీ ఎందుకని డైరెక్టరు నవ్వుతున్నాడు. పైగా ఎప్పుడో పని మానేసిన దోన్యా ఒటీయే కావాలని మంకుపట్టు పట్టారట మీరు!"

"అలవాటు."

"సరే, కళ్లు తెరవొచ్చు. కూర్చోకండి, నడుము దగ్గర పొర చిరుగుతుంది. తల మీద పెట్టే ఉల్లికాడ ఎవడో బట్టల బండిలో పడేసినట్టున్నాడు. వెతికి తెస్తా. అందాకా దోన్యా ఒటీ, ఈయన్ని నవ్వించకండి, ఏడిపించకండి."

"వెళ్లు నాయనా. తలుపు వేసి వెళ్లు."

"తిన్నావా ఒటీలియా?"

"తిన్నాను. మీకు తమాల్ తెచ్చాను, పచ్చిమిరపకాయలది. ఆకు విప్పనా?"

"ఈ వేషంలో చేతులు నోటిదాకా రావు. తర్వాత తింటా. మెట్రోలో వచ్చావా?"

"మెట్రోలోనే. ఇవాళ పునీత యూదా తదేయు రోజు కదా, అడుగు పెట్టే సందు లేదు. అందరి చేతుల్లోనూ ఆయన విగ్రహాలే. ఆశలు వదులుకున్నవాళ్ల పునీతుడంటారు. ఈ ఊళ్లో ఆయనకున్నంత జనం ఎవరికీ లేరు."

"నాకోసం కూడా ఒక దండం పెట్టావా?"

"మీకోసమే వెళ్లాను. కానీ ఆయన ముందు నిలబడి కూడా అదే అడిగాను. గోరు తట్టానా, లేదా? నా కళ్లముందు ఆ పేజీ ఉంది దోన్ ఎవారిస్తో. మరక ఎక్కడుందో కూడా చెప్పగలను. నా గోరు మాత్రం కనబడదు. తట్టి ఉంటే మీరు ఆ మాట అనరు. అన్నారు. అంటే తట్టలేదు. అంటే మీ జీవితం..."

"నా జీవితం నీ గోటి మీద లేదు."

"మరి దేనిమీద ఉంది? దేవుడు అంత విద్య ఇచ్చింది ఆవుల పక్కన నిలబడ్డానికా? నేను దేవుణ్ణి తప్పు పట్టడం లేదు. ఆయన లెక్క ఆయనకుంటుంది. కానీ మధ్యలో నా చెయ్యి అడ్డం పడిందేమోనని... ఫాదర్ గారికి ఏటా తపస్సు కాలంలో చెప్పుకుంటాను. ఆయనకీ విసుగొచ్చింది. చేశావో లేదో నీకే తెలియని తప్పుకి నేను క్షమాపణ ఎలా ఇవ్వను, పోయి ఆ మనిషినే అడుగు, అన్నారు."

"నీ ఫాదర్ తెలివైనవాడు."

"మీరు కబురు పెట్టగానే అనుకున్నాను. ఒక్క మాట వేషానికి నన్ను పిలిచారంటే, చెప్పడానికే పిలిచారని."

"తిన్నావా?"

"ఇప్పుడే కదా అడిగారు."

"అడిగానా?"

"అడిగారు."

"రెఫూహియో ఎలా ఉంది? నా పెళ్లాం వేషం వేసేది. కనబడుతుందా నీకు?"

"దోన్ ఎవారిస్తో, రెఫూహియో పోయింది. మొన్ననే. మీకు ఫోన్ చేసి చెప్పాను. వస్తానన్నారు, రాలేదు."

"చెప్పావా?"

"చెప్పాను. ఆవిడ కూతురు మీ గురించి అడిగింది. అలా పరామర్శ బాకీ పెట్టుకోకూడదు. మా అమ్మమ్మ అనేది, అయినవాళ్లు చెప్పాల్సిన పరామర్శ చెప్పేదాకా చచ్చినవాళ్లు గుమ్మంలోనే నిలబడి ఉంటారట. లోపలికి రాలేరు, పోనూ పోలేరు."

"నిజమా?"

"నిజమో కాదో నాకేం తెలుసు? అందుకే నేను ఎవరిదీ బాకీ పెట్టను. మీ అమ్మగారు పోయినప్పుడు వచ్చాను కదా."

"వచ్చావు. పెద్ద కుండలో కాఫీ కాచావు. దాల్చినచెక్క ఎక్కువేశావు. అది గుర్తుంది చూడు."

"వచ్చి, 'మీ దుఃఖంలో మీకు తోడున్నాను' అన్నాను."

"అందరూ అనే మాటే."

"అందరూ అనే మాటే అనాలి. పరామర్శలో కొత్త మాటలు పనికిరావు."

"అది మంచిదే. నాకు సొంత మాటలు ఎప్పుడూ లేవు."

"మాట తప్పించకండి. తట్టానా?"

"పొద్దున ఏమైందో తెలుసా? గెడ్డం గీసుకుంటూ, ఇవాళ్టి మాట ఒకసారి అనుకుందామనుకున్నా. రాలేదు."

"ఏ మాట?"

"అదే. ఉల్లిపాయ మాట."

"ఏడుస్తోంది."

"ఆఁ, అది. చూడు, నువ్వంటే వచ్చింది. నువ్వు అనకపోతే అక్కడ ఖాళీ. దేశమంతా చిన్నపిల్లలతో సహా అందరికీ తెలిసిన మాట. సబ్బు నురగ ఆరిపోయేదాకా అద్దం ముందే నిలబడ్డా."

"పెద్దవయసు. అందరికీ ఉంటుంది."

"డాక్టరు కాగితం ఇచ్చి గడియారం బొమ్మ గీయమన్నాడు. గుండ్రం గీశా, చక్కగా వచ్చింది. ముళ్లు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. బయట పెట్టాను. ఆయన ఏమీ అనలేదు. మంచివాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు."

"దేవా! ఎవరున్నారు మీ దగ్గర? వంటెవరు చేస్తారు?"

"అది వదిలెయ్. అన్నీ వరసగా పోతున్నాయి ఒటీలియా. సినిమాలు పోయాయి, అవి పోతే మంచిదే. పెళ్లాల పేర్లు పోయాయి. ఇంకా కొన్ని మిగిలాయి. అవి పోయేలోపల..."

"ఏవి?"

"తిన్నావా?"

"తిన్నాను. తిన్నాను దోన్ ఎవారిస్తో. వినండి. మీరు చెప్పకపోతే నేనే చెప్తాను. ఆ రోజు నా తల నా దగ్గర లేదు. మీకు తెలియదు. ఎవరికీ తెలియదు. చెబితే ఉద్యోగంలోంచి తీసేస్తారని చెప్పలేదు."

"చెప్పనక్కర్లేదు..."

"చెప్పనివ్వండి. నాకు పాప పుట్టింది గుర్తుందా? మీరు ఊలు టోపీ ఇచ్చారు. పసుపుపచ్చది."

"గుర్తుంది."

"ఆ పాప పోయింది. ఇంకా బోర్లాపడడం కూడా రాలేదు. ఊపిరి గురగురమంది, తెల్లారేసరికి లేదు. జ్వరమని చెప్పి సెలవు పెట్టి, ఊరు తీసుకెళ్లి పాతిపెట్టి, వచ్చి పనిలో కూర్చున్నాను. కూర్చోగానే ఆ సీనే. శవపేటిక, చిన్నపిల్ల."

"ఆ రోజు మొదలుపెట్టేముందు నేను నిన్ను అడిగాను. పాప ఎలా ఉంది అని."

"అడిగారు. నిద్రపోతోంది అన్నాను."

"నిద్రపోతోంది అన్నావు."

"అబద్ధమాడానని కాదు. చిన్నపిల్ల పోతే చావనకూడదు మా వైపు. దేవదూత అయిందంటారు. తెల్ల గౌను తొడిగి, బంగారు కాగితం కిరీటం పెట్టి, బాజాలతో తీసుకెళ్లారు. తారాజువ్వలు కూడా కాల్చారు. మా అత్తగారు నా చెయ్యి పట్టుకునే ఉంది. ఏడవకు, తల్లి ఏడిస్తే రెక్కలు తడుస్తాయి, తడిసిన రెక్కలతో పిల్ల ఎగరలేదు, మధ్యలో పడిపోతుంది, అంది. నేను ఏడవలేదు."

"అసలేనా?"

"అసలే. ఒక్క చుక్క రానివ్వలేదు. అప్పుడూ లేదు, ఇప్పటిదాకా లేదు. మొగుడు పోయినా ఏడవలేదు, అలవాటు తప్పిపోయింది. ఆ రోజు చదవలేక మైకు కట్టేసే బొత్తం నొక్కిపెట్టి, రెండు ఊపిర్లు తీసుకున్నాను. అంతే. మళ్లీ ఎప్పుడు వదిలానో, ఎక్కడ మొదలుపెట్టానో గుర్తులేదు. ఆ సందులోనే బ్రాకెట్టు చదివేసి ఉంటాను, గోరు తట్టకుండా. అంతే కదా?"

"నాకీ రెక్కల సంగతి తెలియదు ఒటీలియా."

"ఎలా తెలుస్తుంది? మీరు పట్నం మనిషి."

"తెలిసుంటే నిన్ను పిలిచేవాణ్ణి కాదేమో."

"అదేం మాట?"

"ఏం పేరు పెట్టావు పాపకి?"

"మీకు చెప్పే ఉంటాను."

"చెప్పలేదు. టోపీ ఇచ్చినప్పుడు ఇంకా బాప్తిస్మం కాలేదన్నావు."

"అవును, కాలేదు. తర్వాత పెట్టాం. అది కాదు ఇప్పుడు..."

"నీ సంచీలో మైకూ బఠాణీ ఉన్న డబ్బా ఇలా ఇవ్వు. మైకు నాకు. బఠాణీ నువ్వు పెట్టుకో."

"నేనా? నేనెందుకు?"

"మొహం చూసి చెప్పమన్నావు. మొహం చూసి చెప్పలేను. అద్దంలో చూశావా నన్ను? ఉల్లిపాయని. అటు తిరిగి కూర్చో. నేను బట్టలు మార్చుకునే ఈ తెర అవతలికి వెళ్తా."

"పొర చిరుగుతుంది, జాగ్రత్త!"

"చిరగనీ. పెట్టుకున్నావా? వినబడుతోందా?"

"వినబడుతోంది... అమ్మో. ఇంత దగ్గరగానా? తల లోపల ఎవరో ఉన్నట్టుంది. ఇన్నేళ్లూ నా గొంతు మీకు ఇలాగే వినబడిందా?"

"ఇలాగే. పెళ్లాలకంటే దగ్గరగా. ఇక మాట్లాడకు. బఠాణీ పెట్టుకున్నవాళ్లు మాట్లాడకూడదు."

"సరే."

"'మార్గరీతా, లే తల్లీ. పాలు చల్లారిపోతున్నాయి. మార్గరీతా, మీ అమ్మ ఇప్పటికే ఒకసారి వెచ్చబెట్టింది. మళ్లీ వెచ్చబెడితే మీగడ కడుతుంది, నీకు గిట్టదు. లే. నీ చెప్పులు ఇక్కడే పెట్టాను. ఏది ఏ కాలిదో చూసే పెట్టాను, ఈసారి తారుమారు చేయలేదు. బయట అందరూ వచ్చారమ్మా, నీకోసమే. ఇంతమంది వస్తే నువ్వు సిగ్గుపడి మంచం కింద దూరుతావు కదా. ఇవాళ ఎందుకు దూరలేదు? నేను చూడనట్టు నటిస్తాను. దూరు.'"

"దోన్ ఎవారిస్తో... ఇది మొత్తం మీకు..."

"తర్వాత నేర్చుకున్నా. ఎందుకూ పనికిరానప్పుడు. రోజూ ఒకసారి అనుకునేవాణ్ణి, ఆవు సినిమా రోజుల్లో కూడా. అన్నీ పోతున్నాయి గానీ ఇది ఇంకా పోలేదు. మాట్లాడకన్నానా?"

"దేవుడా, ఆ గొంతు..."

"విను. ఆ రోజు నువ్వు 'పాలు చల్లారిపోతున్నాయి' దాకా చదివావు. నేను అన్నాను. తర్వాత నువ్వు 'మార్గరీతా' అనాలి."

"అవును. ఆ పేజీలో రెండోసారి మార్గరీతా."

"అనలేదు. 'ఇనెస్' అన్నావు. అలా తిరక్కు. అద్దం వైపే ఉండు."

"నేను... బొత్తం నొక్కిపెట్టాను. గట్టిగా నొక్కాను. వేలు నొప్పి పుట్టింది."

"ఏది నొక్కావో మరి. మైకు తెరిచే ఉంది. 'ఇనెస్' అన్నావు. ఇంకోసారి అన్నావు. ఆ తర్వాత మాటల్లేవు. నువ్వు చదవలేదు ఒటీలియా. గోరు తట్టలేదు, బ్రాకెట్టు చదవలేదు, ఏదీ చదవలేదు. చెవిలో వచ్చిందల్లా... నేను నాటకాల్లో తల్లుల్ని చాలామందిని విన్నాను. అది వేరు. నా చెయ్యి ఆ పెట్టె మీద ఉంది, లోపల బొమ్మే ఉంది, నాకు తెలుసు. కానీ తల పైకెత్తి నీ అద్దాల గది వైపు చూశా. దీపాల వెలుగులో ఏమీ కనబడలేదు. కెమెరాలున్నాయని మర్చిపోయా. పక్కన డాక్టరు వేషం వేసినవాడితో అన్నా. ఎవరైనా పైకి పరిగెడతారని అన్నా. ఒటీలియా. పైన. ఆ గదిలో. ఇంత చెప్పాలి. నోట్లోంచి ఒక్క మాటే వచ్చింది."

"అయ్యో... అయ్యో దోన్ ఎవారిస్తో..."

"ఎవరూ పైకి వెళ్లలేదు. అందరూ నవ్వారు."

"ఇన్నేళ్లు... నోరు తెరిచి ఒక్కరికి... మిమ్మల్ని చూసి దేశమంతా..."

"నన్ను పునీతుణ్ణి చేయకు. మొదట్లో నీ ఉద్యోగం పోతుందని ఆగాను, అది నిజమే. తర్వాత ఆ మాటతో డబ్బులొచ్చాయి, హాయిగా ఉంది. మాటలు ముందే నేర్చుకుని ఉంటే, నువ్వు ఆగినా నేను ఆగేవాణ్ణి కాదు. ఆ మార్స్ అత్తగార్లకి సంతకం పెట్టింది ఈ చెయ్యే. నువ్వు ఏడ్చిన దాన్ని ఆవుకి కూడా అమ్ముకున్నాను. నీ గోరుకి ఇందులో ఏ పాపమూ లేదు. పోయి నీ ఫాదర్‌కి చెప్పు."

"రెక్కలు... నేను ఏడ్చానా? నిజంగా ఏడ్చానా? అయితే ఇనెస్... దాని రెక్కలు..."

"తడవలేదు."

"మీకేం తెలుసు? మీకేం తెలుసు దోన్ ఎవారిస్తో!"

"వినబడింది నాకొక్కడికే. బయటికి ఒక్క చుక్క పోలేదు. పడిందంతా నా చెవిలోనే పడింది. నా చెవిలో ఏ దేవదూత రెక్కలూ లేవు కదా? నాకు తెలియదు, నేను ప్రార్థనలు చేసే మనిషిని కాను. నువ్వే అడుగు ఆ పైనున్నవాణ్ణి. కానీ నాకు అలా అనిపిస్తుంది. ఇంకొకటి ఉంది. అప్పుడే పైకి రావాల్సింది. మెట్లదాకా వచ్చాను ఆ రోజు. నిర్మాత అరుస్తున్నాడు, వెనక్కి తిరిగాను. తర్వాత రోజూ రేపు రేపు అనుకున్నా. ఇప్పుడు రేపటికి ఇది నా తలలో ఉంటుందో ఉండదో. కొత్త మాటలు పనికిరావన్నావు కదా?"

"అవును... పనికిరావు."

"ఒటీలియా, నీ దుఃఖంలో నీకు తోడున్నాను."

"ఇనెస్... నా ఇనెస్..."

"పోనీ ఇప్పుడైనా ఆ గుమ్మం వదిలి వెళ్తుందిలే పిల్ల."

"మాస్టారూ! ఉల్లికాడ దొరికింది! కుక్క ఎత్తుకెళ్లింది, లాక్కొచ్చాను. మాస్టారూ? ఆ తెర వెనక ఏం చేస్తున్నారు, పొర నడుము దగ్గర చిరిగిపోయింది చూడండి! అయ్యయ్యో, దోన్యా ఒటీకి ఏమైంది? ఆ భుజాలు అలా ఎగిరెగిరి పడుతున్నాయేమిటి?"

"ఏడుస్తోంది."

"హహ్హహ్హ! అదీ మాస్టారూ! సరిగ్గా ఆ గొంతే, ఆ చూపే! పదండి పదండి, మర్చిపోకముందే కెమెరా ముందు అనేద్దురు గాని!"